రాజు మెడకు ఎర్రపోగు

మా అత్త లక్ష్మీనరసమ్మకు పురుగూ పుట్రా అంటే భయం లేదు. మగ్గం గుంతలో కాళ్ల దగ్గర జెర్రి పాకితే చీపురుపుల్లతో అవతల పడేసి మళ్లీ అడ్డపోగు వేసే నాడె విసురుతుంది. మా ఆయన ఓబిలేష్ బండి నడిపే తీరు చూసి వీధి వీధంతా పక్కకు జరుగుతుంది గానీ, ఈమె మాత్రం వెనక కూర్చుని తాపీగా వక్క నములుతూ పోతుంది. ఆమె భయమల్లా ఒక్కటే. తన తలలోంచి ఏదో ఒకటి తనకు తెలియకుండా జారిపోతుందేమోనని. ఆ భయం సంగతి చెప్పాలంటే ముందు ఆమె చదరంగం సంగతి చెప్పాలి.

నేను కదిరి నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చిన కొత్త. వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూంటే మగ్గం గదిలోంచి మా మామ హనుమంతరాయుడి గొంతు వినబడింది, ఏనుగును తీసేశానని. దానికి అత్త, తీసుకుంటే తీసుకో, నీ మంత్రి గతేమిటో చూసుకోమంది. తొంగి చూస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చీర నేస్తున్నారు. గదిలో ఏనుగూ లేదు, మంత్రీ లేదు. మంచి సంబంధమని చెప్పి మా నాయన నన్ను పిచ్చివాళ్ల ఇంట్లో పడేశాడని ఆ పూట నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత తెలిసింది. అంచు ఒక రంగు, ఒళ్లు ఒక రంగు ఉన్న పట్టుచీర ఒక్కరి చేతుల మీద అయ్యేది కాదు. నేసే మనిషి ఒకరు, పక్కన కూర్చుని అంచు నాడె అందించే మనిషి ఇంకొకరు ఉండాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా చేతులకూ కాళ్లకూ తీరిక ఉండదు. తలకు మాత్రం పనేమీ ఉండదు. ఆ ఖాళీలో వాళ్లిద్దరూ బల్ల లేకుండా, పావులు లేకుండా చదరంగం ఆడతారు. ఒక బుటా వరస పూర్తయితే ఒకరు ఎత్తు చెప్పాలి. ఇంకో వరస పూర్తయితే రెండోవాళ్లు చెప్పాలి. చీర మగ్గం మీద ఉన్నన్నాళ్లే ఆట. కొంగు నేసి చీర కోసేలోగా ఎవరికో ఒకరికి ఆటకట్టు కావాలి, లేకపోతే ఆ ఆట ఎవరిదీ కాదు.

వాళ్లది పాత ఆట. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క ఇల్లే కదులుతుంది. ఇప్పటి ఆటలో రాజు ఏనుగు చాటున దాక్కునే ఎత్తు ఒకటుంది కదా, అది వీళ్లకు లేదు. దానికి బదులు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి రాజు గుర్రంలాగా దూకవచ్చు. దాన్ని మా ఇంట్లో రాజు గుర్రమెక్కడం అంటారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఏ పావు ఎక్కడుందో బల్ల మీద చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. రాజు ఇంతకు ముందే గుర్రమెక్కాడా లేదా అన్నది మాత్రం బల్ల కూడా చెప్పదు. అది ఆడేవాళ్లకు గుర్తుండాలి, అంతే.

అత్త పుట్టిల్లు సోమందేపల్లె. వాళ్ల నాయన గోవిందప్ప కూడా మగ్గం మనిషే, ఆట ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ సంగతి అత్తగారింట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో మామ పక్కింటి లింగన్నతో ఆడేవాడట. రెండిళ్ల మగ్గం గదులకూ మధ్య ఒకటే గోడ. ఇక్కడి నుంచి ఈయన అరిస్తే అక్కడి నుంచి ఆయన అరిచేవాడు. అప్పటికి కొత్త కోడలైన అత్త నోరు మూసుకుని అంచు నాడె అందిస్తూ నెలల తరబడి వింది. ఒకరోజు మామ ఎత్తు చెప్పబోతూంటే తల ఎత్తకుండానే, "ఆ గుర్రాన్ని పంపద్దు, పోతాది" అంది. మగ్గం తొక్కుతున్న మామ కాలు ఆగిపోయిందట. ఆ రోజుతో లింగన్న ఆట పోయింది. నా జతగాణ్ని ఎత్తుకుపోయిన మనిషివి నువ్వు అని లింగన్న ఇప్పటికీ అత్తను ఆడిపోసుకుంటాడు.

అంతవరకూ అది సరదా ఆటే. భయం ఆమె తల్లితో వచ్చింది.

అత్త తల్లి పేరు హనుమక్క. గట్టి మనిషి, ఊరందరి పెళ్లిళ్లూ పురుళ్లూ నాలుక చివర ఉండేవట. ఆమెకు మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి ఆర్పడం మరిచింది. తర్వాత ఇంటి దారి మరిచింది. చివర్లో ఇంట్లోంచి జారుకుని హైవే మీదికి వెళ్లి లారీల మధ్య నవ్వుకుంటూ నడిచేదట. అత్త చూడబోతే చెయ్యి పట్టుకుని ఎంతో మర్యాదగా, "ఏమ్మా, నువ్వు ఎవరింటి బిడ్డవి?" అని అడిగింది.  కన్నతల్లి తిట్టినా కొట్టినా ఓర్చుకోవచ్చు గానీ ఆ మర్యాదను ఓర్చుకోలేకపోయానని చెప్పింది నాతో.

అప్పటి నుంచి ఆమెకు చదరంగం సరదా కాదు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే నిన్న ఆట ఎక్కడ ఆగిందో తనకు తనే చెప్పుకుంటుంది. రాజు ఏ ఇంట్లో, ఏ బంటు పోయింది, ఎవరి ఎత్తు. పావులన్నీ తలలో ఎక్కడివక్కడ కనబడితే ఆ పూటకు గండం గడిచినట్టు. అప్పుడే కాఫీ తాగుతుంది. నేను చాలాకాలం దాన్ని జపం అనుకున్నాను.

నేను అనంతపురంలో డిగ్రీ చదివాను. ఆ చదువు నాడెలోకి పట్టు కండెలు చుట్టడానికి పనికొచ్చిందని మా ఆయన ఎగతాళి చేస్తూంటాడు, ఆయన పట్టుచీరల కొట్టులో గుమాస్తాగా ఏం ఉద్ధరిస్తున్నాడో నేనూ అడుగుతూంటాను. మగ్గం గదిలో కిటికీ దగ్గర కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ, ఫోనులో చదరంగం చరిత్ర చదివి వాళ్లిద్దరికీ చెప్పడం నాకు అలవాటైంది. ఆట మన దేశంలో పుట్టి పర్షియాకు పోయి, అక్కడి నుంచి అరబ్బుల చేతుల మీదుగా పడమటి దేశాలకు చేరిందని చెబితే మామకు ఛాతీ ఉప్పొంగింది. పడమటికి పోయాక మంత్రి కాస్తా రాణి అయిపోయిందనీ, అంతకుముందు ఒక్కో ఇల్లే కదిలే ఆ పావుకు అప్పుడే అంత బలం వచ్చిందనీ చెబితే అత్త మామ వైపు ఓరగా చూసింది. పంజాబు నుంచి సుల్తాన్ ఖాన్ అనే ఆయన మన పాత ఆటతోనే పెరిగి, ఇంగ్లండుకు పోయి అక్కడి ఛాంపియన్ల మెడలు వంచి, తిరిగొచ్చి సేద్యం చేసుకున్నాడని చెబితే ఇద్దరూ మగ్గం ఆపి విన్నారు. మన గుడివాడలో పుట్టిన హంపి ఒక బిడ్డకు తల్లయ్యాక కూడా ప్రపంచ ర్యాపిడ్ ఆట గెలిచిందన్న రోజు అత్త పాయసం చేయించింది. చేసింది నేనే అనుకోండి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ చరిత్రలో మంచి మాత్రమే ఏరుకుని చెప్పడానికి కుదరదు. ఐమూలగా నడిచే మన శకటును ఫ్రెంచివాళ్లు పిచ్చివాడు అని పిలుస్తారని ఒకరోజు చెప్పాను. మామ నవ్వాడు. అత్త నవ్వలేదు.

"అది రాజు పక్కనే నిలబడ్తాది గదా" అంది.

అప్పటి నుంచి ఆమె ప్రశ్నలన్నీ ఒకే దారి పట్టాయి. మాలాగా బల్ల చూడకుండా ఆడినవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. ఉన్నారు. ఫిలిడోర్ అనే ఫ్రెంచాయన కళ్లకు గంతలు కట్టుకుని ఆడితే జనం నోళ్లు తెరుచుకుని చూశారట. పిల్స్‌బరీ అనే అమెరికా ఆయన అలాగే ఒకేసారి ఇరవై మందితో ఆడేవాడట. ఆయన ఏమయ్యాడని అడిగింది. చిన్న వయసులోనే పోయాడు, తలలో ఆడీ ఆడీ బుర్ర పాడయిందని జనం అనుకున్నారు గానీ అసలు రోగం వేరేనట అని చెప్పాను. రెండో ముక్క ఆమె చెవికి ఎక్కలేదు. అంత గొప్ప ఆటగాడు మార్ఫీ కుర్రతనంలోనే ఆట మానేసి, చివరికి అన్నంలో విషం కలుపుతున్నారని అనుమానపడేవాడట. మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ స్టైనిట్జ్ పిచ్చాసుపత్రిలో పోయాడట. రష్యాలో ఒకప్పుడు ఇలా చూడకుండా ఒకేసారి చాలామందితో ఆడడాన్ని ఆరోగ్యానికి చెడ్డదని ఆపేశారట. ఇవన్నీ ఆమె అడిగి అడిగి చెప్పించుకుంది. చెప్పకపోతే అన్నం తినదు.

ఆ రోజు నాడె ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగిన మాట నాకు గుర్తుంది.

"వాళ్లు మొదట ఏమి మర్చిపోయినారో రాసినారా యాడన్నా?"

అలాంటిదేమీ రాయలేదని చెప్పాను. ఆమె మళ్లీ నాడె అందుకుంది.

పోయిన ఏడాది వానలు మొహం చాటేసిన రోజులవి. వేరుశనగ వేసినవాళ్లు ఆకాశం వైపు చూడడం కూడా మానేశారు. మగ్గానికి వాన పడితే ఒక బాధ, గుంతలో నీళ్లూరతాయి. పడకపోతే ఇంకో బాధ, గాలి ఎండిపోయి పట్టుపోగులు పుటుక్కు పుటుక్కుమని తెగుతాయి. తడిగుడ్డలు కిటికీకి వేలాడదీసి నేసుకోవాలి. నేను గుడ్డ తడిపి వేస్తూంటే అత్త పెరట్లోకి పిలిచింది. 

"మీ మామ రాజు రెండుసార్లు గుర్రమెక్కినాడు" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆటలో దొంగతనం చేశాడేమో, గట్టిగా అడగమన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. ఆయప్ప దొంగాట ఆడే మనిషి కాదు, ఓడిపోయినా ఆడడు, మర్చిపోయినాడు అంది. ఈ ఒక్క చీరే కాదట, అంతకు ముందు చీరలో కూడా అంతేనట. తాను అడగలేదట. అడిగితే మనిషి బెదిరిపోతాడని తెలియనట్టు ఊరుకుందట. ఇదంతా చెబుతూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒకసారి తల్లిని అలా పోగొట్టుకున్న మనిషి ఇప్పుడు మొగుణ్ని కూడా పోగొట్టుకోబోతున్నానని వణికిపోతూంటే నాకు నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భయం కాపురం పెట్టింది. మామ ఏం చేసినా మాకు రోగంలాగే కనబడేది. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికితే అత్త నా వైపు చూసేది. ఆ పని ఆయన పెళ్లయినప్పటి నుంచీ చేస్తున్నాడని ఇద్దరికీ తెలుసు, అయినా భయపడేవాళ్లం. ఆయన పొయ్యి ముట్టించి మరిచిపోతాడని అత్త గ్యాస్ లైటర్ దాచేది. ఒకరోజు అది ఎంత వెతికినా దొరకలేదు. చివరికి జరీ చుట్టల డబ్బాలో బయటపడింది. చూడు, మీ మామ యాడ పెట్టినాడో అని అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ నిజమే అనుకున్నాను.

ఒక ఆదివారం మామ పట్టు తేవడానికని బజారుకు వెళ్లి మధ్యాహ్నమైనా రాలేదు. ఫోను ఇంట్లోనే ఉంది. అత్త చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో వీధిలో పడింది, వెనకే నేను. హైవే వైపు పోయినాడేమో, లారీలు, లారీలు అని గొణుక్కుంటూనే ఉంది. రైల్వే స్టేషన్ దాకా పోయి వెతికాం. ప్లాట్‌ఫారం మీద పడుకున్న ప్రతి ముసలాయన ముఖం మీద గుడ్డ తీసి చూసింది, ఒకాయన లేచి బూతులు తిట్టాడు కూడా. మామ ఎక్కడున్నాడంటే, మంగలి తిప్పేష్ కొట్టులో గడ్డం చేయించుకుంటూ రాజకీయాలు మాట్లాడుతున్నాడు. నాకైతే ఆ సగం గీసిన గడ్డం పట్టుకుని లాగాలనిపించింది. అత్త కొట్టు మెట్టు మీద కూలబడి ఏడ్చింది. మామ సబ్బు నురుగు ముఖంతో బయటికొచ్చి ఆమెను చూశాడు. ఆయన ముఖంలో కూడా ఏదో భయం కనబడింది. అదేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

డాక్టరుకు చూపించాలంటే మామ ఒప్పుకోవాలి. నాకేం రోగం అంటాడు. అందుకని కొత్త చీర మొదలుపెట్టినప్పుడు అత్తే ఉపాయం చెప్పింది. బజారులో ప్లాస్టిక్ చదరంగం సెట్టు కొనుక్కురా, ఆట నేర్చుకుంటున్నానని చెప్పి కిటికీ దగ్గర పెట్టుకో, మేము చెప్పే ఎత్తులన్నీ బల్ల మీద వేస్తూ పో అంది. గుర్రమెక్కింది బల్ల మీద తెలియదు కదా అన్నాను. దానికీ ఆమె దగ్గరే జవాబుంది.

"ఎవరి రాజు గుర్రమెక్కితే ఆ రాజు మెడకు పోగు కట్టు. అప్పుడు ఆయప్ప కాదనేకి లేదు."

తెల్లపావులు అత్తవి, నల్లవి మామవి. వాళ్ల వీపులు నా వైపు ఉంటాయి, బల్ల వాళ్లకు కనబడదు. నేను రాట్నం తిప్పుతూ, ఎత్తు వినబడగానే పావు జరుపుతూ కూర్చునేదాన్ని. ఆట మొదలైన కొత్తలోనే అత్త తన రాజును గుర్రమెక్కించింది. నేను ఎర్రపట్టు పోగు ఒకటి తెంపి తెల్లరాజు మెడకు కట్టాను. తర్వాత చాలా ఎత్తులు నడిచాయి. మామ రాజు కదలకుండా బంట్ల వెనకే ఉన్నాడు. మామ పొరపాటు చేస్తాడని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన ఎత్తు చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా నా చెయ్యి ఎర్రపోగు మీదికి పోయేది.

చీర సగం దాటింది. ఆ మధ్యాహ్నం పొడిగాలి కొడుతోంది, తడిగుడ్డ వేసిన కాసేపటికే ఆరిపోతోంది. బుటా వరస పూర్తి చేసి మామ చెప్పాడు, తన రాజు గుర్రమెక్కి ఏనుగు ముందుకు వచ్చాడని. అత్త చేతిలో నాడె ఆగింది.

"మళ్లా ఎక్కినాడా?" అంది.  "మొన్ననే ఎక్కినాడు గదయ్యా. అంజలీ, చెప్పమ్మా. నువ్వు పోగు కట్టినావు గదా?"

నేను బల్ల వైపు చూశాను. నల్లరాజు మెడ బోసిగా ఉంది. తెల్లరాజు మెడలో ఎర్రపోగు ఉంది.

 లైటరు ఎవరు దాచారో, ఎవరు మరిచారో అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. కండె మీద ఎర్రపోగు ఇంకా చేతికి అందుబాటులోనే ఉంది. ఒక్క ముక్క తెంపి నల్లరాజుకు కట్టేస్తే మరుపు తనదేనని అత్తకు తెలియకుండా పోతుంది. కానీ అప్పుడు ఏ రోగమూ లేని మామను రోగిని చేయాలి, ఆమెకు మందు ఎప్పటికీ అందకుండా చేయాలి. పోగు వేలికి చుట్టుకున్నాను కూడా. తెంపలేకపోయాను.

అత్త గుంతలోంచి లేచి వచ్చింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి బల్ల చూసింది. నల్లరాజును చూసింది. తెల్లరాజును చేతిలోకి తీసుకుని పోగును గోటితో తడిమింది. నేను తప్పు కట్టానేమో అన్నాను. అబద్ధమని ఆమెకు తెలుసు. నా వైపు చూడకుండా మామను అడిగింది.

"నీకు తెల్సా?"

మామ కాళ్లు గుంతలోనే ఉన్నాయి. పైకి లేవలేదు. తెగిన పోగు ఒకటి పట్టుకుని ముడి వేస్తున్నట్టు నటిస్తూ చెప్పాడు. "పోయిన శ్రావణం నించి తెల్సు. నీ రాజు రెండుసార్లు ఎక్కుతాండాడు. ఎక్కనీలే అనుకుంటి. నువ్వు ఎక్కింది నా మీద వేసి అంజలికి చెప్తాంటే వింటి. దానికీ ఊరుకుంటి. చెప్తే నువ్వు ఏమైతావో అని భయమాయె."

మంగలి కొట్టు ముందు ఆయన ముఖంలో నేను చూసిన భయం ఇదన్నమాట. ఆమె ఆయన కోసం వణుకుతూంటే ఆయన ఆమె కోసం వణికాడు. మధ్యలో నేనొకదాన్ని, డిగ్రీ చదివి.

అనంతపురంలో డాక్టరుకు చూపించాం. వారం పేరు, నెల పేరు అడిగితే అత్త టకటకా చెప్పేసింది. నాలుగు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటే ఒక్కటే చెప్పి నా ముఖంలోకి చూసింది.  మతిమరుపు జబ్బు మొదటి మెట్టు మీద ఉందనీ, మాత్రలు దాన్ని కాస్త నెమ్మదింపజేస్తాయే తప్ప ఆపలేవనీ డాక్టరు చెప్పాడు. తలలో చదరంగం ఆడినందుకు వచ్చిందా అని మామ అడిగాడు. దానివల్ల రాదు, ఆడితే మంచిదే, కానీ ఆడినంత మాత్రాన జబ్బు ఆగదు అన్నాడాయన. బస్సులో వస్తూ అత్త కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ కూర్చుంది. బత్తలపల్లి దాటాక నా వైపు తిరిగింది.

"మొదట ఏమి మర్చిపోతారని అడిగితిని గదా నిన్ను. అది కాదు అడగాల్సింది. కడాన ఏమి మర్చిపోతారు అని అడగాల్సింది. మా అమ్మ కడాన భయం మర్చిపోయింది. లారీల నడుమ నవ్వుకుంటా పోయింది. నేను భయపడ్తాండేంత వరకు నేను ఈడనే ఉండా అని లెక్క. నా మొగం చూస్తాండు."

అప్పటి నుంచి నేను ఆమె ముఖం చూస్తున్నాను. మగ్గం ఆగలేదు, ఆటా ఆగలేదు. ప్లాస్టిక్ బల్లను ఇప్పుడు మగ్గం పక్కనే, ఆమెకు కనబడేలా ముక్కాలిపీట మీద పెట్టాం. రాజు గుర్రమెక్కితే ఎర్రపోగు కడతాను. ఎత్తు చెప్పే ముందు ఆమె తెల్లరాజు మెడ వైపు ఒకసారి భయంగా చూసుకునేది. పోగు ఉంటే పెదవి కొరుక్కుని ఇంకో ఎత్తు వెతుక్కునేది. ఆ భయం చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉండేది. ఇలాంటి ధైర్యం ఒకటుంటుందని నాకు ఇంతకుముందు తెలియదు. పొద్దున్నే పావుల జపం కూడా మానలేదు. తప్పులుంటే మామ పక్కన కూర్చుని దిద్దేవాడు, తర్వాత కాఫీ.

ఈమధ్య ఆ జపం కురచబడింది. ఒక్కోరోజు కాఫీయే ముందు అడుగుతోంది.

నిన్న మధ్యాహ్నం కొంగు దగ్గరికి వచ్చారు. అత్త రాజు మూలన ఇరుక్కున్నాడు, మామ ఏనుగు ఎదురుగా నిలబడి ఉంది, ఇక ఆటకట్టు తప్పదు. ఎర్రపోగు తెల్లరాజు మెడలో ఎప్పుడో పడింది. అత్త అంచు నాడె అందించి, బల్ల వైపు తిరగకుండానే, "నా రాజు గుర్రమెక్కినాడు" అంది.

మామ నా వైపు చూశాడు. నేను పీట వైపు చూపించాను. పోగు చూస్తుంది, పెదవి కొరుక్కుంటుంది అనుకున్నాను. అత్త బల్ల వైపు తిరిగింది. రాజునూ చూసింది, పోగునూ చూసింది. బాగుండాది ఎర్రరంగు అని చక్కగా నవ్వింది. ఆ ముఖంలో భయం ఏ మూలా లేదు.

"ఎక్కనీలే" అన్నాడు మామ. ఆయన కళ్లు చీర మీదే ఉన్నాయి. నేను తెల్లరాజును గుర్రం ఎత్తులో జరిపి పెట్టాను. ఆట సాగింది. వంటింట్లోకి వెళ్లి గ్యాస్ కట్టేసి, వీధి తలుపుకు గడియ పెట్టి వచ్చి, మళ్లీ ఆమె ముఖం కనబడేలా కూర్చున్నాను.